లింగస్వామి దిద్దిన కన్ను

మా స్టూడియోలో లింగస్వామికి ‘కండ్ల లింగన్న’ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు ఆ పేరుతో పిలవాలంటే నోరు రాదు. నా పేరు అమల. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వదిలి కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే, మొదటి అంతస్తులో ఉంటుంది మా ఫోటో స్టూడియో. పద్నాలుగేళ్ళుగా కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. ఆర్డర్లు రాసుకోవడం, ఆల్బమ్‌లు అప్పగించడం, ఆలస్యమైతే తిట్లు తినడం నా పని. తిట్లు తినీ తినీ నా నాలుకకూ కొంత పదును వచ్చింది. అది సరైన చోట ఎన్నడూ పనికి రాలేదన్నది వేరే సంగతి.

లింగస్వామి లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. నవ్వితే పళ్ళ మీది గోధుమరంగు గీతలు కనబడతాయని భయం. వాళ్ళది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దగ్గరి ఊరు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళు అట్లాగే ఉంటాయి. వాళ్ళ నాయన మట్టయ్యకు ఎముకలు బిగుసుకుపోయి నడుము సగానికి వంగిపోయింది. ఆఖరి పదేళ్ళు ఆయన పైకి చూసి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన పోయాక గోడకు పెట్టడానికి ఫోటో కావాలంటే, ఉన్న ఒక్క ఫోటోలోనూ ఆయన నేలకేసే చూస్తున్నాడు. లింగస్వామి నాలుగు రోజులు కూర్చుని తండ్రి నడుము నిలబెట్టాడు. మెడ ఎత్తాడు. మన్సూరాబాద్‌లో వాళ్ళ కిరాయి ఇంట్లో ఆ ఫోటో నేను చూశాను. అందులో మట్టయ్య మిలిటరీవాడిలా నిటారుగా ఉన్నాడు. లింగస్వామి భార్య తిరుపతమ్మ దాన్ని తుడుస్తూ, “మా మామ బతికున్నప్పుడు ఒక్కనాడు గిట్ల నిలబడలే అమలా” అంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ మనిషి పనంతా అందులోనే ఉంది. నలుగురిలో తల దించుకునేలా చేసేది ఏదైనా సరే, ఫోటోలో లేకుండా చేసేవాడు. నెగటివ్‌ల కాలంలో సన్నటి పెన్సిల్ పట్టుకుని అమ్మవారి మచ్చలు పూడ్చేవాడు. కంప్యూటర్ వచ్చాక ఆ వైపు ఊళ్ళ పెళ్ళికొడుకుల పళ్ళు ఎన్ని వందలు తెల్లగా చేశాడో లెక్క లేదు. అన్నిటికన్నా అతని చెయ్యి కళ్ళ దగ్గర మెరుగు. జీలకర్రా బెల్లం పెట్టే ఫోటోలో పెళ్ళికూతురు రెప్ప మూస్తే, ఇంకో ఫోటోలోంచి ఆమె కన్నే తెచ్చి అమర్చేవాడు. ఒకరి కన్ను మరొకరికి పెట్టడు. “మనిషి కన్ను మనిషికే” అనేవాడు. అతని కంప్యూటర్లో ‘కండ్లు’ అని ఒక ఫోల్డర్ ఉండేది. ఒకరోజు తెరిచి చూస్తే వందల జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఆ రోజే పెట్టాను ఆ పేరు.

ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో కనుపాపలు ఎర్రగా పడతాయి. చూసినవాళ్ళు దయ్యంలా ఉందంటారు. మా పనిలో అది మొట్టమొదట తీసేసే తప్పు. కౌంటర్లో కవరు మీద ‘కళ్ళు సరిచేయాలి’ అని రాయడం నాకు శ్వాసంత అలవాటు. దిద్దని ఫోటోలు కస్టమర్‌కు చూపించం. ఇది మా ఓనర్ శ్రీనివాస్ గారి పద్ధతి. ఆయనది గుంటూరు. “పచ్చి కూర వడ్డిస్తామా అమలా? వండాకే చూపించాలి” అంటారు. వినడానికి బాగుండేది. నేనూ పదిమందికి చెప్పాను.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో జోస్నా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే చీరల షాపులో సేల్స్ చేసే పిల్ల. భర్త యెహెజ్కేలు ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఆటో నడుపుతాడు. దేవరకొండ వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఉంటున్నారు. కూతురు షారోనుకు ఏడాది నిండింది. చర్చి హాల్లో పుట్టినరోజు ప్రార్థన పెట్టుకున్నారు. మా ఫోటోగ్రాఫర్ వంశీకృష్ణ వెళ్ళి తీశాడు. ఆ హాల్లో వెలుతురు తక్కువ. అన్నీ ఫ్లాష్ ఫోటోలే. ఎప్పటిలాగే కవరు మీద రాసి లోపలికి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం లింగస్వామి లేచి వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు. ఊరికే లేచి వచ్చే మనిషి కాదు.

“అమలమ్మా, గీ పాప ఫోటోలు జర సూడు. కుడి కన్ను ఎర్రగ పడ్డది, అది మామూలే. ఎడమది తెల్లగ పడ్డది. పదకొండు ఫోటోలల్ల అదే కన్ను. వంశీని అడిగితే ఫ్లాష్ తప్పంటడు. ఫ్లాష్ తప్పైతే ఒక్క కన్నుకే ఎందుకు పడుతది?”

నేను తల ఎత్తలేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తున్నాను.

“నీకెందుకు లింగన్నా, పని కానియ్యి. ఆమె సాయంత్రం వస్తది.”

నేనన్నది అంతే. ఎన్నిసార్లు తలుచుకున్నా అందులో ఇంకో మాట దొరకదు. ముప్పై ఏళ్ళు కళ్ళు చూసినవాడికి అనుమానం వచ్చింది. దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. నేను కత్తెర ఆపలేదు. అతను లోపలికి వెళ్ళి, పాప కుడి కన్నును కాపీ చేసి, తిప్పి, ఎరుపు తీసి, ఎడమవైపు అమర్చాడు. వెలుగు చుక్క ఏ పక్కన పడాలో ఆ పక్కనే పెట్టాడు. పదకొండు ఫోటోల్లోనూ పెట్టాడు. దిద్దినట్టు దేవుడు కూడా కనిపెట్టలేడు.

సాయంత్రం జోస్నా వచ్చి ఆల్బమ్ తిప్పింది. చాలాసేపు చూసింది. ఒక్కొక్క పేజీ దగ్గర ఆగి, వేలితో పాప ముఖం తడిమింది. మురిసిపోతోందనుకున్నాను. ఆమె చూసింది కళ్ళనని తర్వాత చాలా నెలలకు తెలిసింది. చివరికి ఊపిరి వదిలి, “మంచిగున్నయక్కా. మస్తు మంచిగున్నయి” అంది. కేక్ ముక్క తెచ్చింది. లింగస్వామికీ ఇచ్చింది.

ఇక్కడి నుంచి చెప్పేది జోస్నా నోట విన్నది. పాపకు పది నెలలప్పటి నుంచే ఆమెకు ఒక అనుమానం ఉంది. సందెవేళ టీవీ వెలుగు పక్కనుంచి పడినప్పుడు పాప ఎడమ కన్ను పిల్లికన్నులా మెరిసేది. మళ్ళీ చూస్తే ఏమీ ఉండేది కాదు. అత్త ఎలీశమ్మతో చెబితే, “పసిపిల్లల కండ్లు గట్లనే మెరుస్తయి. నువ్వు ఊకె పరేషాన్ గాకు” అని కొట్టిపారేసింది. ఫోన్‌లో ఫ్లాష్ వేసి తీసి చూద్దామంటే, పసిపిల్ల కళ్ళలోకి అంత వెలుగు కొట్టొద్దని ఆ ముసలామే వద్దంది. ప్రేమతోనే వద్దంది. అందుకే జోస్నా పుట్టినరోజు ఫోటోల కోసం ఎదురుచూసింది. పెద్ద కెమెరా అబద్ధం చెప్పదు కదా, ఏదైనా ఉంటే అందులో కనబడుతుందని. ఆల్బమ్‌లో రెండు కళ్ళూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆమె మనసు కుదుటపడింది. అనుమానాన్ని మేము అట్లా తుడిచిపెట్టాం.

ఎండాకాలం నాటికి పాపకు మెల్ల పడింది. ఎడమ కన్ను బయటికి జారేది. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్ళకు ఒక మాట ఉంది కదా, ఇరుగుపొరుగు అదే అన్నారు. ఇంట్లో నాలుగు రూకలు నిలుస్తాయని కూడా అన్నారు. వానాకాలంలో కన్ను ఎర్రబడితే కండ్లకలక అన్నారు. కాలనీలో చిన్న క్లినిక్‌కు తీసుకెళ్ళింది. అక్కడాయన టార్చ్ వేసి చూసి, పుట్టినప్పటి నుంచీ ఇట్లాగే ఉందా అని అడిగాడు. జోస్నా ఫోన్‌లో మా ఆల్బమ్ ఫోటో తీసి చూపించింది. “ఏడాదప్పుడు గింత మంచిగుండె సార్” అంది. ఆయన చుక్కల మందు రాసిచ్చాడు. ఆ ఫోటో లేకపోతే ఆయన ఇంకోలా ఆలోచించేవాడేమో. ఆలోచించేవాడు కాదేమో. తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. తెలియకపోవడమే నన్ను తింటోంది.

క్రిస్మస్‌కు వారం ముందు పాప కన్ను ఉబ్బి ముందుకు వచ్చింది. ఏడుపు ఆపలేదు. అన్నం ముట్టలేదు. అప్పుడు పెద్ద కంటి దవాఖానకు పరుగెత్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటాం కదా, అక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా పెద్దగా మిగల్లేదు. కంటి లోపలి పొరలో పుట్టే కాన్సర్ అని చెప్పింది డాక్టరమ్మ. ఐదేళ్ళలోపు పిల్లలకు వచ్చేది. ముందే పట్టుకుంటే దాదాపు అందరూ బతుకుతారు, చాలామందికి కన్ను కూడా దక్కుతుంది. షారోనుకు అది కంటి నరం పట్టుకుని వెనక్కి పాకింది. కన్ను తీసేయాలి, ఆ తర్వాత మందులు ఎక్కించాలి, అయినా మాట ఇవ్వలేనని చెప్పింది. ఎప్పుడు మొదలైందో తెలిస్తే మంచిది, ఫ్లాష్‌తో తీసిన పాత ఫోటోలు ఉంటే తెమ్మంది.

జోస్నా మా ఆల్బమ్ పట్టుకెళ్ళింది. డాక్టరమ్మ రెండు పేజీలు తిప్పి ఆగిపోయింది. “ఫ్లాష్ ఫోటోల్లో ఒక్క కన్నూ ఎర్రగా లేదు. ఇవి దిద్దినవమ్మా. అసలువి తెండి” అంది.

ఆ రోజు జోస్నా మెట్లెక్కి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. జుట్టు దువ్వుకోలేదు. యెహెజ్కేలు వెనకాల ఆటో బట్టల్లోనే ఉన్నాడు. సంగతంతా చెప్పి, ఆమె ఒక్కటే అడిగింది.

“అక్కా, షారోను బర్త్‌డే ఫోటోలు, మీరు సాపు చెయ్యకముందువి కావాలె.”

శ్రీనివాస్ గారు లోపలి నుంచి వచ్చారు. ఆయనకు విషయం వెంటనే అర్థమైంది. నాకన్నా ముందే అర్థమైంది.

“అవి ఉండవమ్మా. ఆరు నెలలు దాటితే తీసేస్తాం. అలా దాచుకుంటూ పోతే కంప్యూటర్లు ఎక్కడ సరిపోతాయి?” అన్నారు.

అది నిజమే. మా పద్ధతి అదే. జోస్నా నా వైపు చూసింది. నేను కౌంటర్ వైపు చూశాను. ఆమె వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళింది.

“ఉన్నయి” అని లోపలి గది నుంచి వినబడింది.

లింగస్వామి బయటికి రాలేదు, తలుపు మాత్రం తెరిచాడు. ‘కండ్లు’ ఫోల్డర్ కోసం అన్ని అసలు ఫోటోలూ దాచుకుంటాడని శ్రీనివాస్ గారికి తెలియదు. ఆ నిమిషంలో అతను నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నేనైతే మూసుకునేదాన్ని. మూసుకున్నాను కూడా.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ తెరిచాడు. కేక్ ముందు షారోను. పాస్టరు గారి చేతుల్లో షారోను. ఎలీశమ్మ ఒళ్ళో షారోను. కుడి కన్ను ఎర్రగా, ఎడమ కన్ను తెల్లగా. పదకొండు ఫోటోలు. జోస్నా ఏడవలేదు. చివరి ఫోటో దగ్గర ఆగి అడిగింది.

“గిది నువ్వు సూసినవా?”

“సూసిన.”

“సూసి ఏం జేసినవ్?”

“సాపు జేసిన.”

“ఎవలకన్న చెప్పినవా?”

లింగస్వామి నా పేరు చెప్పలేదు. చెబితే నిజమే అయ్యేది. తల దించుకుని, “లేదు బిడ్డా” అన్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. “నాకు చెప్పిండు, నేనే పని చూస్కోమన్న” అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. సిగ్గులేని మనిషిని. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే.

పెన్ డ్రైవ్ ఇచ్చి పంపడం కాదు, లింగస్వామి చెప్పులు తొడుక్కుని వాళ్ళ ఆటోలోనే దవాఖానకు వెళ్ళాడు. డాక్టరమ్మ ఫోటోలన్నీ చూసిందట. ఫ్లాష్ వెలుగు కనుపాపలోంచి లోపలికి వెళ్ళి, వెనక నెత్తురున్న పొరను తాకి, ఎర్రగా తిరిగి వస్తుందని చెప్పిందట. ఆరోగ్యమైన కన్ను అట్లా ఎర్రగా పడుతుంది. దారికి అడ్డంగా లోపల ఏదైనా పెరిగితే తెల్లగా పడుతుంది. ఒక్కోసారి వెలుగు ఏటవాలుగా పడినా తెల్లగా రావచ్చు, లోపల శుక్లం ఉన్నా రావచ్చు. అది ఏమిటో తేల్చాల్సింది కంటి డాక్టరు. చూపించడం ఆలస్యం కాకూడదు, అంతే.

“ఇవి ఎవరు దిద్దారు?” అని అడిగిందట.

“నేనే మేడం.”

“చాలా బాగా దిద్దారు” అందట.

ఆమె ఎత్తిపొడిచిందో, ఊరికే అందో లింగస్వామికి తెలియలేదు. ఈ మాట నాకు చెప్పినప్పుడు అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. ఆ పొగడ్తకన్నా చెంపదెబ్బ నయమనిపించింది నాకు.

కన్ను తీశారు. మందులు ఎక్కించారు. షారోను జుట్టు రాలిపోయింది. గుండు మీద గులాబీ టోపీ పెట్టి జోస్నా ఎత్తుకుని తిరిగేది. లింగస్వామి ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి గుమ్మం బయట కూర్చునేవాడు. లోపలికి రమ్మని వాళ్ళు అనలేదు, పొమ్మని కూడా అనలేదు. యెహెజ్కేలు దవాఖానకు వెళ్ళినప్పుడు ఎలీశమ్మకు పాలు, కూరగాయలు తెచ్చి పెట్టేవాడు. ఒకసారి షారోను తడబడుతూ నడిచి గుమ్మం దాకా వచ్చి, ఉన్న ఒక్క కన్నుతో అతన్ని చూసి నవ్విందట. అతను కూడా నవ్వాడట, పళ్ళన్నీ కనబడేటట్టు.

జూన్‌లో, మొదటి వానలప్పుడు, పాప చనిపోయింది. రెండేళ్ళ నాలుగు నెలలు. హయత్‌నగర్ దాటాక ఉన్న సమాధుల తోటలో పెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే లింగస్వామి ప్రహరీ బయటే నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళాను. ఎవరికీ తెలియని తప్పు చేసినవాళ్ళకు లోపలికి వెళ్ళే ధైర్యం ఉంటుంది.

పది రోజులకు జోస్నా స్టూడియోకు వచ్చింది. జ్ఞాపకార్థ కూటానికి పెద్ద ఫోటో కావాలంది. శ్రీనివాస్ గారు ఆ రోజు మెత్తగా మాట్లాడారు. ఆల్బమ్‌లో కేక్ ముందున్న ఫోటో చేయిద్దామన్నారు.

“అదే. కానీ మీరు సాపు చేసింది కాదు. నా బిడ్డ కన్ను ఎట్లుండెనో గట్లనే కావాలె” అంది జోస్నా.

“చూసేవాళ్ళకు ఏదోలా ఉంటుందేమోనమ్మా.”

“సూడాలెననే సార్. ఇంటికి ఎవలొచ్చినా గీ కన్ను ఎందుకు గిట్లున్నదని అడగాలె. నేను చెప్పాలె.”

లింగస్వామి ఆ ఫోటో ప్రింట్ తీశాడు. ఏమీ చెయ్యలేదు. కేక్ మీద ఈగ వాలితే ఈగ కూడా అట్లాగే ఉంచాడు. ఆ సాయంత్రం నేను అతని గదిలోకి వెళ్ళి, “ఆమెకు నేను చెప్పాలె లింగన్నా, ఆనాడు నువ్వు నాకు చెప్పినవని” అన్నాను.

“చెప్తే నీకు బరువు దిగుతది. ఆమెకు దిగదు గదమ్మా” అన్నాడు.

అందుకే చెప్పలేదు. ఇప్పుడు ఇట్లా రాస్తున్నాను.

ఆ తర్వాత లింగస్వామి పని తీరు మారింది. పిల్లల ఫోటోలు ఏవి వచ్చినా ముందు కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు. ఒక కన్ను తెల్లగా ఉంటే దిద్దడు. కస్టమర్‌ను పిలిచి, అసలు ఫోటో చూపించి, కంటి డాక్టరుకు చూపించుకురమ్మంటాడు. శ్రీనివాస్ గారికి ఇది మొదట్లో నచ్చలేదు. మలక్‌పేట నుంచి వచ్చిన ఒకాయన, “శుభమా అని ఫోటోలు తీసుకుంటే నా కొడుక్కు రోగమంటవా” అని కౌంటర్ మీద గుద్ది ఆల్బమ్ తీసుకోకుండానే పోయాడు. రెండేళ్ళలో తొమ్మిదిమందిని పిలిచాడు. ఏడుగురికి ఏమీ లేదు, ఫ్లాష్ ఏటవాలుగా పడిందంతే. వాళ్ళలో నలుగురు మా ముఖం మళ్ళీ చూడలేదు. ఒక బాబుకు శుక్లం ఉంటే ఆపరేషన్ చేశారు. ఒక పాపకు అదే జబ్బు, చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. కన్ను ఉంది. ఆ తల్లి స్వీట్ డబ్బా పట్టుకుని వస్తే లింగస్వామి ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి ఏడ్చాడని తిరుపతమ్మ చెప్పింది. ఒక కన్నుకు ఇంకో కన్ను చెల్లు కాదు, ఆ లెక్క అతనికి తెలుసు.

పోయిన నెల జోస్నా మళ్ళీ వచ్చింది. చంకలో మూడు నెలల బాబు. ఇంకా పేరు పెట్టలేదు. ఈ జబ్బు ఒకరికి వచ్చిన ఇంట్లో తర్వాత పుట్టినవాళ్ళను పుట్టిన వారం నుంచే చూపించాలని డాక్టరమ్మ చెప్పిన సంగతి నాకు తెలుసు.

“దవాఖానల చూపించినవా?” అన్నాను.

“పుట్టిన వారానికే చూపించిన. మళ్ళ రెండు సార్లు చూసిండ్రు. ఇప్పటికైతే ఏం లేదన్నరు. రమ్మన్నప్పుడల్ల తీస్కపోవాలె.” తర్వాత లోపలి గది వైపు చూసింది. “ఆయన లేడా?”

లింగస్వామి వచ్చాడు. పాప పోయినప్పటి నుంచి జోస్నా అతన్ని ఏ వరసతోనూ పిలవలేదు. ఇప్పుడూ పిలవలేదు.

“ఫ్లాష్ పెట్టి తియ్యి. ఏం సాపు చెయ్యకు.”

వంశీకృష్ణ కెమెరా అందుకోబోతే లింగస్వామి తనే తీసుకున్నాడు. గదిలో లైట్లు ఆర్పాడు. కాసేపు చీకట్లో ఉంచితే పిల్లల కనుపాపలు పెద్దవవుతాయి, లోపల ఏముందో అప్పుడు కనబడుతుంది. జోస్నా బాబును ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది. ఎరుపును తగ్గించే మీట కెమెరాలో ఒకటుంటుంది, అది ఆపేశాడు. మూడుసార్లు ఫ్లాష్ వెలిగింది. బాబు ఉలిక్కిపడి కేర్‌మన్నాడు.

ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కే ఆ కొద్దిసేపూ జోస్నా బాబును ఊరడించింది. లింగస్వామి మొదటి ఫోటో తెరిచి ముఖం పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తెర నిండా రెండు కళ్ళు. రెండూ ఎర్రగా, నిప్పుకణికల్లా ఉన్నాయి. ఏ కస్టమరైనా చూస్తే ఛీ, తీసెయ్యండి అనే కళ్ళు. ముప్పై ఏళ్ళుగా అతను తుడిచేస్తూ వచ్చిన ఎరుపు. లింగస్వామి మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

జోస్నా తెరకు దగ్గరగా వంగింది. ఖాళీగా ఉన్న చేతి వేలితో ఎడమ కన్నును తాకింది.

“రెండూ ఎర్రగనే ఉన్నయి గదా అన్నా?”

“ఉన్నయి బిడ్డా. రెండూ ఎర్రగనే ఉన్నయి.”

“మళ్ళొక్కసారి సూడు.”

చూశాడు. మూడు ఫోటోలూ చూశాడు. మూడుసార్లూ అదే మాట చెప్పాడు. ఆమె క్షమించిందని నేను అనుకోవడం లేదు. క్షమించాల్సిన అవసరం కూడా లేదు. ఈ ఊళ్ళో ఆమెకు అబద్ధం చెప్పడానికి భయపడే మనిషి ఒకడున్నాడు, అందుకే వచ్చింది.

“దవాఖానకు పోయినప్పుడల్ల గిటు గూడ వస్త” అని లేచింది.

ఫోటోలు ప్రింట్ తీసి కవర్లో పెట్టాను. పెన్ను తీసి అలవాటుగా కవరు మీద ‘కళ్ళు’ అని రాసి ఆగిపోయాను. తర్వాత ‘దిద్దలేదు’ అని రాసి ఆమెకు ఇచ్చాను.